తాళం పగలగొట్టే హక్కు

"ఎవరూ చావలేదు కదా" అన్న మాట అప్పలసామి ఎదుట అనకూడదని తామాన్ సెరి మెలూర్ కాలనీలో అందరికీ తెలుసు. తెలియక అన్నవాళ్ళు ఒక్కసారి అని తెలుసుకున్నారు. మార్కెట్లో చేపలమ్మే ఆవిడ అంది. గుళ్ళో అర్చకుడు అన్నాడు. తన సొంత భార్య వళ్ళియమ్మై అంది. ఆ పూట ఆయన కంచం ముందు నుంచి లేచిపోయి వాకిట్లో మోటార్ సైకిల్ మీద ఊరికే గంటసేపు కూర్చున్నాడు. స్టార్టు చెయ్యలేదు, ఎక్కడికీ పోలేదు. ఆ కోపంతో ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు, అంతే.

అప్పలసామికి అరవై ఒకటి. మలేషియాలో బంటింగ్ ఊరి అవతల ఒక పామాయిల్ ఎస్టేటు కూలీల లైన్లలో పుట్టాడు. తాత విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి వచ్చిన మనిషి. తండ్రి సింహాద్రి పొడుగు కర్రకి కొడవలి కట్టి గెలలు కోసేవాడు. ఎస్టేటు అమ్ముడుపోయాక లైన్లు కూల్చి, అక్కడి కుటుంబాలకి తామాన్‌లో వరస ఇళ్ళు ఇచ్చారు. అప్పలసామి పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ తోలి, వెన్నుపూస అరిగి, ఇంటికి చేరాడు. ఇంట్లో తమిళమే ఎక్కువ. వళ్ళియమ్మై తమిళపిల్ల. అత్తగారితో వేగడానికి నేర్చుకున్న తెలుగే ఆవిడ తెలుగు. పిల్లలకి అర్థమవుతుంది, నోట రాదు.

ఆయన నిప్పు పిచ్చి లైన్లలోనే మొదలైంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం లైన్లలో పదకొండు ఇళ్ళు అంటుకున్నాయి. మలేషియాలో అగ్నిమాపక శాఖని అందరూ బొంబా అంటారు. ఆ బొంబా బండి గంట కొట్టుకుంటూ వచ్చి ఎస్టేటు గేటు దగ్గర ఆగిపోయింది. గేటుకి తాళం. మేనేజరు దొర చెప్పందే తియ్యనని కావలివాడు. బండిలోంచి ఒక ఆఫీసరు దిగాడు. కావలివాడితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా గొడ్డలి తీసి తాళం మీద మూడు దెబ్బలు వేశాడు. బండి లోపలికి వచ్చింది. లైన్లలో పుట్టినవాళ్ళెవరూ ఆ గేటు అలా తెరుచుకోవడం అంతకుముందు చూడలేదు. ఎవరినీ అడగక్కర్లేని మనిషి ఒకడుంటాడని అప్పలసామికి ఆ రోజే తెలిసింది.

అందుకే పద్నాలుగేళ్ళ క్రితం వరసకి బావయ్యే పకీరిసామి "మన తామాన్‌కి సొంతంగా బొంబా సుకరేలా పెట్టుకుందాం బావా" అన్నప్పుడు, మాట పూర్తవకుండానే సరేనన్నాడు. సుకరేలా అంటే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. అసలు స్టేషన్ బంటింగ్‌లో ఉంది. బండి రావడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ నిప్పుని పట్టి ఉంచడమే ఈ దళం పని. పన్నెండు మంది సభ్యులు, ఒక రేకుల షెడ్డు, ఒక పాత పికప్ వాన్. పకీరిసామి అధ్యక్షుడు. నీళ్ళ పంపు మాత్రం సుగుమారన్ ఇచ్చాడు. ఆ లైన్లలోనే పుట్టి, క్లాంగ్‌లో వ్యాపారం చేసి పైకి వచ్చిన మనిషి. గుడికి గోపురం రంగులు ఆయనవే, బడికి కుర్చీలు ఆయనవే, దళానికి పంపు ఆయనదే.

ఆ సుగుమారన్‌కే తామాన్ చివర, మురుగు కాలవ పక్కన ఒక గోడౌన్ ఉంది. పాత ప్లాస్టిక్ ఎక్కడెక్కడిదో లారీల్లో తెచ్చి, నలిపి, కట్టలు కట్టి పంపుతారు. కింద మిషన్లు, పైన పనివాళ్ళ పడకలు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మగవాళ్ళు ఏడుగురు రాత్రి పని చేసి పగలు అక్కడే నిద్రపోతారు. ముందు మెట్లు మిషన్ల మధ్యలోకి దిగుతాయి. వెనక ఇనుప మెట్ల మీద ఇంకో తలుపు ఉంది.

ఆ తలుపుకి గొలుసు ఉందని అప్పలసామి మొదటిసారి చూసింది జనవరిలో. గొలుసు బయటి వైపు, దానికి తాళం. కిందికి చూస్తే, రోడ్డు మూల మీదుండే ఫైర్ హైడ్రెంట్, బొంబాకి నీళ్ళిచ్చే గొట్టం, కనపడలేదు. దాని మీద మనిషెత్తున ప్లాస్టిక్ కట్టలు పేర్చేశారు.

తిన్నగా పకీరిసామి ఇంటికి పోయాడు.

"బావా, సుగుమారన్ గోడౌన్‌కి ఎనక తలుపుకి తాళమేసినారు. పైన మనుసులు పడుకుంతన్నారు. పద, ఇప్పుడే కోసేద్దాం."

పకీరిసామి మెత్తని మనిషి. ఎవరి మనసూ నొప్పించడు. మాట చివర మలయ్ వాళ్ళలాగే 'లా' తగిలిస్తాడు. "ఏటి బావా ఆ మాట? ఆడి బిల్డింగు, ఆడి తలుపు. మనం తాళం కోస్తే పోలీసు కేసు అవుద్ది లా. నాను ఆడితో మాట్లాడతాను."

"ఎప్పుడు మాట్లాడతావు?"

"మాట్లాడతాను అన్నాను కదా."

పకీరిసామి మాట్లాడాడు. పనివాళ్ళు చెప్పకుండా వేరే ఫ్యాక్టరీకి పారిపోతున్నారట, అందుకే తాళమట, తీయించేస్తాడట. రెండు వారాలు చూసి అప్పలసామి బంటింగ్ బొంబా స్టేషన్‌కి పోయాడు.

అక్కడ తనిఖీల విభాగంలో రుబిని అనే అమ్మాయి ఉంది. ముప్ఫై దాటి ఉండదు. అమ్మమ్మ తెలుగావిడ కాబట్టి అంతా అర్థమవుతుంది, చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడుతుంది. అప్పలసామి కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు.

"నాకు యూనిఫాం ఉంది, కార్డుంది, గొలుసు కోసే కత్తెరుంది. ఎల్లి కోసేస్తే ఏటవుద్ది?"

"మంట ఉందా అంకుల్?"

"లేదు."

"మంట లేకపోతే మీరు మామూలు మనిషి. ఆయన తలుపు కోస్తే తప్పు మీది." రుబిని గొంతు తగ్గించింది. "మంట అంటుకుంటే కథ వేరే. అప్పుడు తలుపు పగలగొట్టచ్చు, గోడ పగలగొట్టచ్చు, అడ్డం ఉన్న కారు తోసెయ్యచ్చు, ఎవరి ట్యాంకులో నీళ్ళయినా తీసుకోవచ్చు. అడగక్కర్లేదు."

"అంటే ఆళ్ళు కాలడం మొదలెట్టినాకే నాకు హక్కొస్తాది?"

"ముందుగా ఆపే పని మాది అంకుల్. నేను లోపలికి వెళ్ళి చూడచ్చు. నోటీసు ఇవ్వచ్చు. గడువులోగా సరిచెయ్యకపోతే కోర్టుకి. మరీ ప్రమాదం అయితే మేజిస్ట్రేటుని అడిగి మూయించచ్చు. కానీ ప్రతీదీ నేను కళ్ళతో చూసి రాయాలి. రాయకపోతే కోర్టులో నిలబడదు."

రుబిని మాట మీద నిలబడింది. ఆ వారమే వచ్చి గోడౌన్ అంతా తిరిగి, ఫోటోలు తీసి, గొలుసుకీ హైడ్రెంట్‌కీ నోటీసు ఇచ్చింది. ముప్ఫై రోజుల గడువు. గడువు తీరే రోజుకి గొలుసు లేదు, హైడ్రెంట్ చుట్టూ శుభ్రంగా ఊడ్చి ఎర్ర రంగు కూడా వేయించారు. రుబిని మళ్ళీ వచ్చి చూసి, సరిచేశారని రాసుకుని వెళ్ళింది. పకీరిసామి సంతోషించాడు. "సూసినావా బావా? మంచిగా సెప్తే అవుద్ది."

సరిగ్గా పది రోజులకి, ఒక శనివారం పొద్దున, అప్పలసామి పాలకని పోతూ ఆ వెనక మెట్ల వైపు తలెత్తి చూశాడు. గొలుసు వచ్చేసింది. ఈసారిది ఇంకా లావు. కింద కట్టలూ వచ్చేశాయి. కొత్త ఎర్ర రంగు వాటి అడుగున ఉంది.

ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. గొలుసూ కట్టలూ కనపడేలా నాలుగు కొట్టాడు. అక్కడే నిలబడి రుబినికి పంపబోతుంటే ఎదురింటివాళ్ళు ఎవరు చెప్పారో ఏమో, పకీరిసామి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"బావా, బావా, ఆగు లా. పై ఆదివారం గుళ్ళో తిరువిళా. కర్చంతా సుగుమారన్‌దే. ఇప్పుడు నోటీసంటే ఆడు సేతులు దులిపేసుకుంతాడు. మన పంపు పాడయింది, బాగుసేయిస్తానన్నాడు. ఒక్క వారం ఆగు. పండగ అయిపోనీ. నాను నిన్నెప్పుడైనా ఏటైనా అడిగినానా?"

నిజమే. పకీరిసామి ఎప్పుడూ ఏమీ అడగలేదు. లారీ ప్రమాదమై అప్పలసామి మంచాన పడ్డ నాలుగు నెలలూ పొద్దున్నే వచ్చి పెరట్లోకి ఎత్తుకుని తీసుకెళ్ళింది అతనే. అప్పలసామి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రోజుకి రెండుసార్లు ఆ వైపు పోయి గొలుసు చూసి వచ్చేవాడు. వళ్ళియమ్మై అడిగితే కసురుకున్నాడు. ఆదివారం తిరువిళా అయింది. తేరు తిరిగింది. సుగుమారన్ పట్టు పంచె కట్టుకుని ముందు నడిచాడు. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా ఆ నాలుగు ఫోటోలూ రుబినికి పంపాడు.

సోమవారం పొద్దున్నే రుబిని ఫోన్ చేసింది. "చూశాను అంకుల్. ఈ మూడు రోజులూ వేరే చోట తనిఖీలు ముందే ఖాయమయ్యాయి. గురువారం పొద్దున్న మొదటి పని మీదే. ఈసారి గడువు ఇవ్వను, నేరుగా కోర్టుకే."

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి గోడౌన్ అంటుకుంది.

అప్పలసామి అన్నం ముందు ఉన్నాడు. ముందు వాసన వచ్చింది. ఆ ముక్కు కాలే వాసన ఒకసారి తగిలితే మర్చిపోరు. తలుపు తీసేసరికి కాలవ వైపు నల్లటి పొగ లేచి ఎండని మింగేసింది. తొమ్మిది తొమ్మిది తొమ్మిదికి ఫోన్ చేస్తూనే షెడ్డుకి పరిగెత్తాడు. పగటి పూట సభ్యులందరూ పనుల్లో ఉంటారు. దొరికింది అయిదుగురు. ఆయన, పకీరిసామి, బస్సు మెకానిక్ కుగన్, ఇంకో ఇద్దరు.

ముందు గేటులో సుగుమారన్ గుమస్తా కారు అడ్డంగా ఉంది. మనిషి లేడు. "తోసెయ్యండి" అన్నాడు అప్పలసామి. పికప్‌తోనే దాన్ని గుద్ది కాలవలోకి తోశారు. హైడ్రెంట్ మీద కట్టలు అంటుకుని కరుగుతున్నాయి. దగ్గరికి పోవడానికి లేదు. పక్కనున్న కార్ వాష్ షాపువాడు వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

"నీ ట్యాంకు కావాలి."

"ఇంకా రెండు కార్లు కడగాలి అణ్ణే..."

"అడగతంలేదు. సెప్తన్నాను."

పకీరిసామి, ఆ ఇద్దరూ కలిసి పంపు అక్కడ బిగించారు. రెండుసార్లు దగ్గి, మొరాయించి, మూడోసారికి పంపు అందుకుంది. అప్పలసామి, కుగన్ మాస్కులు తగిలించుకుని వెనక్కి పరిగెత్తారు.

ఇనుప మెట్లు అప్పటికే చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయి. తలుపు అవతల మనుషులు కొడుతున్నారు. ఆ చప్పుడు అప్పలసామి జీవితంలో విన్న అన్ని చప్పుళ్ళకంటే దగ్గరగా వినిపించింది. గొలుసుకి కత్తెర పెట్టాడు. ఇంతకుముందు గొలుసయితే ఒక్క నొక్కుకి తెగేది. ఇది తెగలేదు. కుగన్ కూడా చెయ్యేసి ఇద్దరూ వేలాడితే నాలుగోసారికి తెగింది.

తలుపు తెరుచుకోగానే పొగతో కలిసి మనుషులు బయటికి పడ్డారు. ఒకడి మీద ఒకడు. కుగన్ లెక్కపెట్టాడు. ఆరు. "ఇంకొకడు? ఇంకొకడు?" అని అప్పలసామి అరిస్తే ఒకతను లోపలికి చెయ్యి చూపించి "రఫీక్, రఫీక్" అన్నాడు.

మోకాళ్ళ మీద లోపలికి పాకాడు. నేల మీద చెయ్యి చాపి తడుముకుంటూ పోతే రెండో గదిలో, నీళ్ళ గది గుమ్మంలో ఒక కాలు తగిలింది. మనిషి పెద్దవాడు కాదు, బరువు లేదు. అయినా ఈ నడుముతో ఎలా లాక్కొచ్చాడో తర్వాత ఎవరడిగినా అప్పలసామి చెప్పలేకపోయాడు. మెట్ల మీదికి వచ్చేసరికి బొంబా బండ్లు రెండు దిగుతున్నాయి. మంటలు పూర్తిగా ఆరేసరికి అయిదయింది.

రఫీక్‌కి పాదాలు కాలాయి. లోపలికి పోయిన పొగకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. క్లాంగ్ ఆసుపత్రిలో ముప్ఫై నాలుగు రోజులున్నాడు. తర్వాత బతికినంత కాలం ఒక మెట్టు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇరవై ఆరేళ్ళవాడు.

మంటలు ఆరుతుండగా సుగుమారన్ వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట విభూది. కాలిన రేకుల వంక చూసి, అంబులెన్స్ వంక చూసి, అప్పలసామి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవరూ సావలేదు కదా అణ్ణే. దేవుడు సల్లగా సూసినాడు."

అప్పలసామి ఆ చెయ్యి తీసేశాడు. మెట్ల కింద పడి ఉన్న తెగిన గొలుసు ముక్క తీసుకొచ్చి, ఇంకా వేడిగా ఉండగానే ఆ మనిషి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇదా నీ దేవుడు?"

సుగుమారన్ అరిచి గొలుసు కింద పడేశాడు. పకీరిసామి మధ్యలోకి వచ్చాడు. "బావా, ఒద్దు బావా..." అప్పలసామి అతని వైపు తిరిగి ఏదో అనబోయాడు. అనలేదు. అంటే అది తనకీ తగులుతుందని ఆ క్షణంలో తెలిసింది.

రెండు రోజుల తర్వాత పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. సుగుమారన్ రిపోర్టు ఇచ్చాడు. దళం వాళ్ళు గేటు విరగ్గొట్టారు, కారు కాలవలోకి తోశారు, వెనక తలుపు పగలగొట్టారు, తన మీద చెయ్యి చేసుకున్నారు. వళ్ళియమ్మై భయపడిపోయింది.

"ఇదిగో, పోయి ఒక మాట సారీ సెప్పేసి వచ్చీ. పెద్ద మనుసులు వాళ్ళు. ఎలాగూ ఎవరూ సావలేదు కదా..."

అప్పుడే ఆయన కంచం ముందు నుంచి లేచింది.

పోలీసు స్టేషన్‌కి రుబిని కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టరు ముందు చట్టం పుస్తకం తెరిచి పెట్టింది. మంట దగ్గర ప్రాణం కాపాడటానికి, మంచి ఉద్దేశంతో పగలగొట్టినదానికి కేసు నిలవదని చూపించింది. గొలుసు చేతిలో పెట్టడం మాత్రం అందులోకి రాదు. దానికి ఇన్‌స్పెక్టరు అప్పలసామి వంక చూసి, "ఇంకెప్పుడూ చెయ్యకండి" అన్నాడు. రాసుకోలేదు.

బయటికి వచ్చాక మెట్ల మీద రుబిని ఆగింది.

"అంకుల్, మేము సుగుమారన్ మీద కేసు పెడుతున్నాం. నోటీసు మీరినందుకు, హైడ్రెంట్ మూసినందుకు. మళ్ళీ గొలుసు వేశారని చూపించడానికి నా దగ్గర ఉన్నది మీ ఫోటోలే. మీరు సాక్షి." తన ఫోన్ చూసుకుంది. "మీరు పంపింది ఆదివారం. ఫోటో మీద తేదీ... అంతకుముందు శనివారం."

అప్పలసామి రోడ్డు వంక చూస్తున్నాడు.

"ఎనిమిది రోజులు అంకుల్."

"తెలుసమ్మా."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. "నేను సోమవారమే రావాల్సింది" అని మాత్రం అంది. "గురువారం దాకా ఆగాను. నాకూ నిద్ర లేదు."

ఆమె జీపు ఎక్కి వెళ్ళిపోయింది. అప్పలసామి స్టేషన్ గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. అప్పటిదాకా ఆయన కోపానికి ఒక ముఖం ఉండేది. తెల్ల చొక్కా, విభూది. ఇప్పుడా ముఖం పక్కన పకీరిసామి ముఖం వచ్చింది. దాని పక్కన తనది. ఆ మూడింటిలో ఏ ముఖాన్నీ కొట్టలేక, గోడనే ఒక గుద్దు గుద్దాడు. వేలి కణుపు చిట్లింది.

కేసు బంటింగ్ మేజిస్ట్రేటు ముందుకి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఈలోగా కోర్టు ఆ గోడౌన్ తెరవకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ అయిదు నెలలూ అప్పలసామి పకీరిసామితో మాట్లాడలేదు. రఫీక్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వారానికి రెండుసార్లు మాత్రం క్లాంగ్ బస్సెక్కి పోయేవాడు. రఫీక్‌కి తెలుగు రాదు, ఆయనకి బెంగాలీ రాదు. ఇద్దరికీ వచ్చిన మలయ్ ముక్కల్లో ఒకరోజు అడిగాడు, ఆ గొలుసు సంగతి మీలో ఎవరూ ఎవరికీ చెప్పలేదేమని. పాస్‌పోర్టులు సుగుమారన్ బీరువాలో ఉన్నాయి కదా అన్నాడు రఫీక్, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. డిశ్చార్జి అయ్యాక కౌలాలంపూర్‌లో ఒక సంఘం వాళ్ళు టికెట్ తీసి ఇంటికి పంపించారు.

కోర్టు రోజున అప్పలసామి ఇస్త్రీ చేసిన దళం యూనిఫాం వేసుకున్నాడు. పకీరిసామి వెనక బెంచీలో ఉన్నాడు. ప్రభుత్వ వకీలు అడిగినవన్నీ తేలిగ్గానే అయ్యాయి. తర్వాత సుగుమారన్ వకీలు లేచాడు. మర్యాదస్తుడు. అయ్యా అనే పిలిచాడు.

"ఆ తలుపు ప్రాణాల మీదికి తెస్తుందని మీరు నమ్మారు, కదా?"

"నమ్మాను."

"ఫోటో తీసిన రోజునే నమ్మారా?"

"ఆ రోజే."

"మరి ఎనిమిది రోజులు ఎవరికీ పంపకుండా జేబులో పెట్టుకున్నారు. అంటే అంత ప్రమాదం లేదనే కదా మీకు అనిపించింది?"

రుబిని తల వంచుకుంది. అప్పలసామికి రెండు దారులే ఉన్నాయి. అవునంటే సుగుమారన్ బయటపడతాడు. కాదంటే ఎందుకు పంపలేదో చెప్పాలి. వెనక బెంచీలో ఎవరో కదిలారు. అది ఎవరో తెలుసు. తిరిగి చూడలేదు.

"ప్రమాదమని తెలుసు" అన్నాడు మలయ్‌లో, ఒక్కో మాట విడిగా. "తెలిసే పెట్టుకున్నాను. ఈయన మా గుడికి ఖర్చు పెడుతున్నాడు. మా పంపు ఈయనది. పండగ అయ్యేదాకా ఆగమని మా వాళ్ళు అడిగారు, నేను ఒప్పుకున్నాను. అడిగిన మనిషి తప్పు కాదది. యూనిఫాం వేసుకున్నది నేను. ఎనిమిది రోజులు ఆ ఏడుగురినీ నేను కూడా తాళం వేసి ఉంచాను. ఆయన తాళం తలుపుకి, నాది జేబులో. నాకు ఏ శిక్ష ఉందో చట్టం చూసి చెప్పండి, అనుభవిస్తాను. కానీ నేను చేసిన తప్పుని పట్టుకుని ఆయన బయటపడతానంటే ఒప్పుకోను."

ఆఖరి మాటకి గొంతు పెద్దదైపోయింది. మేజిస్ట్రేటు చెయ్యెత్తింది. కోర్టులో అరవకూడదని చెప్పింది. తర్వాత వకీలు వైపు తిరిగి ఇంకేమైనా అడుగుతారా అంది. వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

ఆ మాట చెప్పుకున్నంత మాత్రాన ఆయనకి హాయిగా ఏమీ అనిపించలేదు. బయటికి వచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు.

మూడు వారాల తర్వాత తీర్పు వచ్చింది. రెండు నేరాలూ రుజువయ్యాయి. సుగుమారన్ జరిమానా కట్టి, కారెక్కి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. జైలు లేదు. గోడౌన్ మాత్రం తెరుచుకోలేదు. రఫీక్ ఊపిరి గురించి ఆ తీర్పులో ఒక్క వాక్యం ఉంది. అప్పలసామి రుబినిని ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇంతేనా?"

"చట్టం ఇంతే ఇచ్చింది అంకుల్."

"ఇంతే అయితే ఇది సాలదు. ఎవడితో సెప్పాలో సెప్పు, సెప్తాను."

రుబిని నవ్వలేదు. ఒక చిరునామా రాసి ఇచ్చింది. ఆయన నిజంగానే ఉత్తరం రాశాడు. మంట రాకముందే తాళం తీయించే హక్కు సుకరేలా వాళ్ళకి లేకపోతే, కనీసం వాళ్ళు చెప్పిన రోజునే ఎవరో ఒకరు వచ్చి చూడాలని. మలయ్‌లో కుగన్ దిద్దాడు. జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ రాశాడు.

ఆ నెలాఖరు ఆదివారం పొద్దున దళం సమావేశం షెడ్డులో జరిగింది. పకీరిసామి అధ్యక్ష పదవికి రాజీనామా కాగితం ఇచ్చాడు. అందరూ అప్పలసామి వంక చూశారు.

"నాను ఆ పదవికి ఒప్పుకోవాలంటే ముందు ఒకటి రాయాల" అన్నాడు. మినిట్స్ పుస్తకం కుగన్ దగ్గర ఉంది. "సభ్యుడు ఎవడైనా సరే, తాళమేసిన తలుపు గానీ, మూసేసిన హైడ్రెంట్ గానీ సూస్తే, ఆ రోజే బొంబాకి సెప్పాల. పండగ లేదు, సావు లేదు, ఎవడి బంధువూ లేదు. రాసినావా?"

"రాసినాను మామా."

"కింద ఇంకోటి రాయి. ఈ రూలు ఎందుకు పెట్టినామంటే, అప్పలసామి అనేవాడు ఎనిమిది రోజులు ఆగినాడు. పేరు రాయి. తేదీలు రాయి. రేపు కొత్తగా సేరినోడు సదవాల."

కుగన్ కలం ఆగింది. వెనక నుంచి పకీరిసామి గొంతు వచ్చింది, ఆరు నెలలు దాటాక మొదటిసారి.

"ఆగమన్నది నాను. నా పేరు కూడా రాయి."

అప్పలసామి అతని వైపు తిరగలేదు. ఇంకా కోపం ఉంది. చాలా రోజులు ఉంటుందని కూడా తెలుసు. "ఆడు అడుగుతున్నాడు కదా, రాయి" అన్నాడు కుగన్‌తో.

కుగన్ రెండు పేర్లూ రాసి, తేదీలు వేసి, ఇంకేమైనా విషయాలున్నాయా అని అడిగాడు. నాలుగో వీధిలో సోఫాలు చేసే షాపు మెట్ల మీద ఫోము పేరుస్తున్నారని ఒకరు చెప్పారు. అప్పలసామి ఫోన్ తీసి రుబిని నంబరు నొక్కుతూనే లేచి చెప్పులు వేసుకున్నాడు.